ఓటీపీ వచ్చిందా నాన్నా

మొన్న జనవరిలో ఒక రాత్రి పదింటప్పుడు, ఇక్కడ అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్లో బయట మంచు పడుతోంది, నేను కిచెన్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని మా నాన్న రిపోర్టుల కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద హాస్పిటల్ వాళ్ళ పేషెంట్ పోర్టల్‌తో, అంటే రిపోర్టులు ఆన్‌లైన్లో చూసుకునే సైటుతో, కుస్తీ పడుతున్నా. ఒంగోల్లో అప్పుడు పొద్దున ఎనిమిదిన్నర. నాన్న టిఫిన్ ముందు కూర్చున్నారు.

"ఓటీపీ వచ్చిందా నాన్నా?"

"ఏదో టింగుమంది తల్లీ. అద్దాలు తెచ్చుకోనీ."

అద్దాలు వచ్చాయి. ఇప్పుడు చిక్కేంటంటే ఆయన నాతో మాట్లాడేదీ అదే ఫోన్లో, మెసేజ్ వచ్చిందీ అదే ఫోన్లోకి, చెవి దగ్గర పెట్టుకుంటే మెసేజ్ కనపడదు, తీస్తే నేను వినపడను. స్పీకర్ నొక్కండి నాన్నా అన్నా, ఎర్ర బటన్ నొక్కారు. మళ్ళీ నేను కలిపేసరికి ఇక్కడ టైమైపోయింది. రెండో ఓటీపీకి అమ్మ వచ్చి ఫోన్ పట్టుకుంది, నాన్న చదవబోయి టక్కున ఆగి "అవునమ్మాయ్, ఇది ఎవ్వరికీ చెప్పగూడదని కిందనే రాసుంది. పోయిన సంక్రాంతికి నువ్వే గదా గంటసేపు క్లాసు పీకావు" అన్నారు. ముప్పై ఐదేళ్ళు లెక్కల మాస్టారుగా చేసిన మనిషికి నేను సైబర్ మోసాల మీద పాఠం చెప్పా, ఆయన బుద్ధిగా నేర్చుకున్నారు, నా దగ్గరే అప్పజెప్పారు. ఏమనాలి ఇంక.

మూడోసారికి లోపలికి పోగానే "వెల్‌కమ్, కొండేపి!" అంది. కొండేపి మా ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందు రాస్తారు కదా, ఆధార్‌లో ముందున్న మాటని ఫస్ట్ నేమ్ గడిలో పడేశారు, అంతే, మా నాన్న ఆ హాస్పిటల్‌కి కొండేపి అయిపోయారు. సరే నవ్వుకోవచ్చు. కానీ లోపల చూస్తే ఆ వారం చేసిన టెస్టులు తప్ప ఇంకేం లేవు. 2021లో అదే హాస్పిటల్లో రెండ్రోజులు ఉన్నారు, ఆ రిపోర్టులేవి? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నలభై నిమిషాలు సంగీతం విన్నాక తేలిందేంటంటే అప్పట్లో పొడి అక్షరాలతో ఒక యూహెచ్ఐడీ, అంటే హాస్పిటల్ వాళ్ళిచ్చే పేషెంట్ నంబరు, ఇప్పుడు ఆధార్ చూసి పూర్తి పేరుతో ఇంకో యూహెచ్ఐడీ. వాళ్ళ కంప్యూటర్ దృష్టిలో ఇద్దరు మనుషులు. కలపాలంటే పేషెంట్ స్వయంగా వచ్చి లెటర్ రాసివ్వాలట. డెబ్బై రెండేళ్ళాయన ఒంగోలు నుంచి హైదరాబాద్ పోయి, నేనూ నేనూ ఒకటే అని రాసివ్వాలి!

ఇది ఉత్త విసుగు కాదు. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.6 వచ్చింది. షుగర్ ఇరవై ఏళ్ళ నుంచి ఉన్న మనిషికి ఒక్కసారిగా 1.6 అయితే కథ వేరు, మూడు నాలుగేళ్ళుగా మెల్లమెల్లగా పాకుతూ వస్తే వేరు. హైదరాబాద్ డాక్టర్ మొదటి ప్రశ్నే "ఇంతకుముందు ఎంత ఉండేది?" అని. పక్కన కూర్చున్న మా తమ్ముడు యాప్ అటూ ఇటూ గీకి, లేదండీ కనపడట్లేదు అన్నాడు. పోర్టల్ అనేది పనికొచ్చేదే పాత నంబరు కొత్త నంబరు పక్కపక్కన చూపించినప్పుడు. ఒక్క పీడీఎఫ్ చూడ్డానికైతే ల్యాబ్ కుర్రాడు వాట్సాప్‌లో పంపిస్తాడు, ఓటీపీ కూడా అడగడు.

ఇక్కడ నాకు అలవాటైన పేషెంట్ పోర్టల్ మైచార్ట్. విస్కాన్సిన్‌లో ఎపిక్ అనే కంపెనీ వాళ్ళది, పెద్ద హాస్పిటల్స్ చాలావాటిలో అదే ఉంటుంది. నా కొలెస్ట్రాల్ అయిదేళ్ళ గ్రాఫ్ ఒక్క నొక్కుతో వస్తుంది. దాన్నేదో ఆకాశానికెత్తాలని కాదు, హాస్పిటల్ మారితే మళ్ళీ ఇంకో లాగిన్, అవన్నీ లింక్ చేసుకునే పని మనదే. ఇంకోటి, డాక్టర్‌కి మెసేజ్ పెట్టడం ఊరికే అనుకుంటాం కదా, క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు 2022 నవంబర్ నుంచి కొన్నిరకాల మెసేజ్‌లకి బిల్లు వేస్తామని ముందే చెప్పి మరీ మొదలెట్టారు. కానీ అందులో ఒక్క ఏర్పాటు చూస్తే మాత్రం నాకు అసూయ, ప్రాక్సీ అని. పేషెంట్ ఒప్పుకుంటే కూతురో కొడుకో భార్యో తన సొంత లాగిన్‌తో వాళ్ళ రికార్డు చూడొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఎవరు చూశారో కూడా వేరుగా తెలుస్తుంది. దొంగచాటు ఓటీపీలు లేవు.

దాంట్లోనూ తమాషా ఉంది. మా అబ్బాయికి పన్నెండు నిండగానే పిల్లల డాక్టర్ వాళ్ళ పోర్టల్లో సగం నాకు మూసుకుపోయింది. టీకాలు కనపడతాయి, విజిట్ నోట్స్ కనపడవు. వాడి ప్రైవసీ అట. వాడి సాక్స్ ఎక్కడున్నాయో వాడికి తెలీదు, నన్నడుగుతాడు, కానీ రికార్డు మాత్రం వాడిదే. మొదట కోపమొచ్చింది, తర్వాత ఆలోచిస్తే వాడికి డాక్టర్‌తో నాకు చెప్పకుండా మాట్లాడుకునే చోటు ఒకటి ఉండటం తప్పేం కాదనిపించింది. అయినా అమ్మని కదా, అప్పుడప్పుడు వెళ్ళి ఆ మూసిన తలుపు నొక్కి వస్తుంటా.

రిజల్ట్స్ వెంటనే కనపడటం గురించి కూడా చెప్పాలి. ఇక్కడ క్యూర్స్ యాక్ట్ అని 2016లో వచ్చిన చట్టం ఉంది, దాని కింద రూల్ 2021 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకొచ్చింది, పేషెంట్‌కి తన సమాచారం అందకుండా అడ్డం పడకూడదని. దాంతో చాలాచోట్ల ల్యాబ్‌లో రిపోర్ట్ ఫైనల్ అవగానే మన ఫోన్ మోగుతుంది, డాక్టర్ చూసినా చూడకపోయినా. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. ఒక శుక్రవారం సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డులో కొట్లో దొండకాయలు ఏరుకుంటుంటే నా మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే, రిపోర్ట్ వచ్చింది. దానికి వేసే గ్రేడు, బై-రాడ్స్ అంటారు, 0 అని ఉంది. సున్నా కదా, ఏం లేదనుకుని హాయిగా ఇంకో అరకిలో బెండకాయలు కూడా వేశా. కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి కిందదాకా చదివితే 'ఇన్‌కంప్లీట్' అని ఉంది. సున్నా అంటే ఏమీ లేదని కాదు, ఈ ఫోటోలతో తేల్చలేం, ఇంకా తీయాలి అని. నిజంగా ఏం లేకపోతే 1 వేస్తారు! లెక్కల మాస్టారి కూతుర్ని, సున్నా దగ్గర బోల్తా పడ్డా. సోమవారం దాకా ఎవరూ ఫోన్ ఎత్తరు, మూడు రాత్రులు గూగుల్ చదువుతూ కూర్చున్నా, దొండకాయలు ఫ్రిజ్‌లోనే వడిలిపోయాయి. మళ్ళీ తీస్తే ఏం లేదు, లోపలి కణజాలం ఒకదాని మీద ఒకటి పడి అలా కనపడిందన్నారు.

అందుకే నాన్న రిపోర్టుల సంగతి వచ్చినప్పుడు అమ్మ "ముందు నువ్వు చూసి, ఏదన్నా ఉంటే ఆయనకి చెప్పమాక" అంటే చప్పున కాదనలేకపోయా. మనిళ్ళల్లో ఇది మామూలే కదా, ఊరంతా తెలిసినా పేషెంట్‌కి తెలీదు. కానీ రిపోర్ట్ రెడీ అన్న మెసేజ్ లింకుతో సహా పోయేది ఆయన ఫోన్‌కే. ఆయన చూస్తారు, పక్కన నార్మల్ రేంజ్ 1.3 అని ఉంటుంది, 1.6 పెద్దదని ఆయనకి నేను చెప్పాలా? దాచే వాళ్ళకీ ఉపయోగం లేదు, చూసే వాళ్ళకీ వివరం లేదు.

మన దగ్గర చేతకాదా అంటే అదీ కాదు. కోవిన్ గుర్తుందా, వ్యాక్సిన్లప్పుడు. ఒక ఫోన్ నంబర్ మీద నలుగురిని పెట్టుకోనిచ్చారు, 2022 జనవరిలో ఆరుగురికి పెంచారు. అంతకుముందే, 2021 జూన్‌లో, తెలుగులో కూడా వచ్చింది. ఇంట్లో ఫోన్ నడిపేది ఒకళ్ళే ఉంటారని ఎవరో కూర్చుని ఆలోచించారన్నమాట. మా తమ్ముడు అమ్మకీ నాన్నకీ పెద్దమ్మకీ అందరికీ తన నంబర్ మీదే స్లాట్లు పట్టాడు, సినిమా టికెట్లు పట్టినట్టు.

తర్వాత ఆభా వచ్చింది, ప్రభుత్వం వాళ్ళ హెల్త్ ఐడీ, 14 అంకెల నంబరు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద, దేశమంతటికీ మొదలుపెట్టింది 2021 సెప్టెంబర్ 27న. మా నాన్నకి ఏఎన్ఎమ్ ఇంటికొచ్చి ఆధార్ చూసి చేసి వెళ్ళింది, ఆయన దాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పట్టుచీరల కింద పెట్టారు. చాలామంది అనుకునేది అందులో మన రిపోర్టులన్నీ ఢిల్లీలో ఎక్కడో ఒకచోట ఉంటాయని. ఉండవు. రికార్డు ఏ హాస్పిటల్‌ది ఆ హాస్పిటల్లోనే ఉంటుంది, నంబరుకి లింక్ చేస్తే మనం ఒప్పుకున్నప్పుడు ఇంకో డాక్టర్‌కి కనపడుతుంది. హాస్పిటల్ వాళ్ళు లింక్ చేయకపోతే ఆ కార్డు ఉత్త కార్డే. నాన్న హైదరాబాద్ కౌంటర్‌లో మహా గర్వంగా తీసి ఇచ్చారట, ఆ అమ్మాయి చూసి "ఆధార్ ఇవ్వండి సార్" అందట.

ఒంగోల్లో ఆయన మామూలుగా చూపించుకునే డాక్టర్ గారికీ ఒక వెబ్‌సైట్ ఉంది. తెరిస్తే తెల్లకోటు వేసుకున్న ఫారినోళ్ళు నవ్వుతూ కుడి నుంచి ఎడమకి జరుగుతుంటారు. బుక్ అపాయింట్‌మెంట్ నొక్కితే ఫారం వస్తుంది, నింపితే థాంక్యూ అంటుంది, తర్వాత ఆ ఫారం ఏ లోకానికి పోతుందో తెలీదు. అసలు అపాయింట్‌మెంట్ కావాలంటే పొద్దున ఆరింటికి కాంపౌండర్‌కి ఫోన్ చేసి పేరు రాయించుకోవాలి. ఆ నంబరు వెబ్‌సైట్లో లేదు! నాకైతే ఆ ఫారినోళ్ళందర్నీ తీసేసి నాలుగే నాలుగు ముక్కలు పెడితే చాలు, డాక్టర్ గారు ఈ వారం ఉన్నారా లేదా, ఫీజు ఎంత, కాంపౌండర్ నంబరు, మెట్లెక్కాలా లిఫ్ట్ ఉందా. మోకాళ్ళ నొప్పులోళ్ళకి ఆ చివరిదే ముఖ్యం.

మళ్ళీ హైదరాబాద్ డాక్టర్ గదికి వస్తా. తమ్ముడు యాప్ గీకుతుంటే నాన్న సంచీలోంచి నోటు పుస్తకం తీశారట. బడి రోజుల నాటి అలవాటు, మార్కుల రిజిస్టర్ లాగా నిలువుగా గీతలు. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, 200 దాటితే ఎర్ర పెన్ను. చివరి పేజీల్లో క్రియాటినిన్, 2021లో 1.2, 2023లో 1.4. పక్కన ఇంకో గడిలో 'మోకాలి మాత్ర' అని వారానికి నాలుగైదు టిక్కులు, మెడికల్ షాపువాడు ఇచ్చిన నొప్పి మాత్రలు, మాకెవరికీ చెప్పలేదు. డాక్టర్ గారు యాప్ పక్కన పెట్టించి ఆ పుస్తకం తిరగేసి, ముందు ఈ మాత్ర ఆపండి మాస్టారూ, కిడ్నీకి మంచిది కాదు, మూడు వారాల తర్వాత మళ్ళీ టెస్ట్ చేద్దాం అన్నారట. అన్నీ చూస్తూ చూస్తూ ఒక గీత దగ్గర ఆగి, "ఈ 471926 ఏంటండీ, ఇదేం షుగరూ కాదు, బీపీ కాదు?" అని అడిగారట.

"అదా అండీ, అది మా అమ్మాయి అడిగిన ఓటీపీ. మళ్ళీ అడిగితే ఉంటుందని రాసిపెట్టా."