మలక్కా గుమ్మంలో గంటసేపు

నిన్న సింగపూర్ నుంచి ఇండోనేషియా దీవి బాతమ్‌కి ఫెర్రీలో వెళ్లాను. గంట ప్రయాణమే. కిటికీ పక్క సీటు దొరికింది కదా అని ఫోన్ జేబులో పడేసి కూర్చున్నా. మంచి పని చేశాను.

రేవు దాటగానే లంగరేసిన ఓడలే ఓడలు. లెక్కపెడుతూ నలభై దగ్గర వదిలేశా. కాసేపటికి మా ఫెర్రీ వేగం తగ్గించింది. ఎదురుగా ఒక ట్యాంకర్ అడ్డంగా వెళ్తోంది. దాని అడుగున వేసే ఎర్ర రంగు దాదాపు నీళ్లలోనే ఉంది. అంటే నిండా సరుకుతో తూర్పుకి, చైనాకో జపాన్‌కో. ఖాళీ ఓడలకైతే ఆ ఎరుపు బాగా పైకి తేలి కనిపిస్తుంది.

ఇలాంటి ఓడలు వచ్చే దారి మలక్కా జలసంధి, మలేషియాకీ సుమత్రాకీ మధ్య. మ్యాపులో అది గరాటులా ఉంటుంది. అండమాన్ సముద్రం వైపు పెద్ద నోరు, సింగపూర్ వైపు సన్నటి గొట్టం. ఫిలిప్స్ ఛానెల్ దగ్గర సుమారు 2.8 కిలోమీటర్లే! అసలు ఇబ్బంది వెడల్పుతో కాదు, లోతుతో. కొన్నిచోట్ల 25 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇందులో పట్టే ఓడకి 'మలక్కామాక్స్' అని ఒక కొలతే పెట్టుకున్నారు. అంతకన్నా లోతుగా మునిగేవి బాలి పక్కన లొంబోక్ జలసంధి మీదుగా చుట్టు తిరిగి పోవాల్సిందే.

పడమటి గుమ్మానికి ఎదురుగా మన గ్రేట్ నికోబార్. ఇందిరా పాయింట్ దేశానికి దక్షిణపు కొస అని బడిలో బట్టీ పట్టామే గానీ, ఆ వాకిట్లోంచి ఇంత వ్యాపారం నడుస్తోందని ఎవరూ చెప్పలేదు. రాజేంద్ర చోళుడికి మాత్రం 1025 నాటికే తెలుసు. కడారం (ఇప్పటి మలేషియాలోని కెడా) మీదికి ఊరికే ఓడలు పంపలేదు కదా.

ట్యాంకర్ వెళ్లిపోయిన కాసేపటికి దాని అల వచ్చి మమ్మల్ని ఊపింది. పక్కసీటు పెద్దాయన టీ సగం నా ప్యాంటు మీద.