నీళ్లొదలని ఇద్దరు

మా నల్లగొండ వైపు పెత్రమాస (పితృ అమావాస్య) నాడు పొద్దున్నే పెద్దలకు బియ్యం ఇస్తాం. అయ్యగారు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పించి, నువ్వులు కలిపిన నీళ్లను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి వదలమంటారు. ఏదైనా ఇక దక్కదనుకుంటే 'నీళ్లొదిలేశాం' అంటాం కదా, ఆ నీళ్లు ఇవేనేమో.

పోయినసారి నీళ్లు వదులుతుంటే ఎందుకో అంబ, అశ్వత్థామ గుర్తొచ్చారు.

అంబది న్యాయమైన బాధ. సాల్వుణ్ణి మనసులో పెట్టుకున్న పిల్లను భీష్ముడు స్వయంవరం నుంచి ఎత్తుకొచ్చాడు. సంగతి తెలిసి పంపిస్తే సాల్వుడు వద్దన్నాడు. వెనక్కి వస్తే భీష్ముడికి వ్రతం అడ్డు. ఆమె కోసం పరశురాముడే యుద్ధానికి దిగినా పని కాలేదు. (మా చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వరుణ్ణి ప్రతిష్ఠించింది ఆ పరశురాముడే అంటారు. తండ్రి చావును మరవలేక 21 సార్లు గొడ్డలి ఎత్తినవాడు. ఆయనదీ ఇదే కథ!) చివరికి భీష్ముణ్ణి చంపేలా శివుడి వరం పొంది, చితిలో దూకి, శిఖండిగా పుట్టింది. ఇంత జరిగినా 'తప్పయిందమ్మా' అని ఆమెతో అన్నవాళ్లు లేరు. అందుకే నాకు అంబ మీద కోపం రాదు.

అశ్వత్థామ దుఃఖమూ నిజమే. తండ్రిని అబద్ధమాడి చంపారు. కానీ ద్రోణుడికి దహనమైనా కాకముందే, తిలోదకాలు వదలాల్సిన చేతితో కత్తి పట్టాడు. గుడ్లగూబ నిద్రపోతున్న కాకులను చంపడం చూసి, అదే దారిలో నడిచాడు. అంబ తన ఒంటిని కాల్చుకుంది. ఇతను నిద్రలో ఉన్న పిల్లలను నరికాడు. ఆ రాత్రి అతని కత్తికి బలైనవాళ్లలో శిఖండి కూడా ఉన్నాడు. భీష్ముడు కూలాక కూడా అంబకు నెమ్మది దొరకలేదు. ఇంకొకరి పగ వచ్చి ఆమె కథను ముగించింది.

ఐదుగురు కొడుకులను పోగొట్టుకున్న ద్రౌపది వ్యాసభారతంలో పట్టుబట్టి అశ్వత్థామ తలమీది మణి తెప్పించుకుంటుంది. పోతన ద్రౌపది 'నీ చేతులెట్లాడెనో' అని అతన్ని నిలదీస్తుంది, మళ్లీ తనే విడిపించమంటుంది. తనలాగా అతని తల్లి కృపి ఏడవకూడదట. ఈ ద్రౌపది ముందు నేను తల దించుకుంటాను, ఎందుకంటే పొలం గెట్టు దగ్గర మాటా మాటా అనుకున్నప్పటి నుంచి మా బాబాయితో నాకు మాటల్లేవు. ఆ రోజు బాపు పేరు చెప్పి నీళ్లు వదిలాను. వేళ్ల సందు నుంచి నీళ్లు జారాయి, గెట్టు మాత్రం జారలేదు.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు పేర్చుకున్న మా అక్క, నైవేద్యానికి నువ్వులు తక్కువయ్యాయని పొద్దున తర్పణానికి తెచ్చిన పొట్లం అడిగింది. విప్పి చూస్తే సగం అలాగే ఉన్నాయి. ఇచ్చేశాను.