పర్లాకిమిడిలో రెండు నెట్ లైన్లు, ఒక ఫైర్‌వాల్, మా బావ లెక్క

మా బావది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఆన్‌లైన్ సెంటరు. స్కాలర్‌షిప్ ఫారాలు, కుల ధ్రువపత్రాలు, రైలు టికెట్లు, డబ్బు పంపడాలు. కొండల మీంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన సవర పిల్లలు ఫారం నింపుతుండగా నెట్ పోతే ఆ రోజు కూలీ పోయినట్టే. అందుకని బావ ఇద్దరు కేబుల్ వాళ్ల దగ్గర చెరో యాభై ఎంబీపీఎస్ లైను తీసుకున్నాడు. తీసుకున్నాక నన్ను పిలిచి, "ఒరే, యాభయ్యీ యాభయ్యీ కలిపితే వంద వస్తాది గదా, కలిపీరా" అన్నాడు.

వంద రాదు. ఈ పోస్టు రాసేది ముఖ్యంగా అది చెప్పడానికే.

మూల పడున్న పాత కంప్యూటర్‌కి ఇంకో రెండు నెట్‌వర్క్ కార్డులు తగిలించి పీఎఫ్‌సెన్స్ ఎక్కించాను. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఉచిత ఫైర్‌వాల్ అది, అంటే లోపలి నెట్‌వర్కుకీ బయటి నెట్‌కీ మధ్య కాపలాదారు. 2004 నుంచీ ఉంది. మొదటి ముడి అక్కడే పడింది: ఇద్దరు కేబుల్ వాళ్లు పెట్టిన రౌటర్ డబ్బాలూ 192.168.1.1 మీదే ఉన్నాయి. ఫైర్‌వాల్‌కి రెండు వైపులా ఒకే చిరునామా కనబడితే ఏ దారిన పంపాలో దానికేం తెలుస్తుంది? ఒక డబ్బాని 192.168.10.1కి మార్చాకే మిగతా పని కదిలింది.

ఇక బావ వంద సంగతి. పీఎఫ్‌సెన్స్‌లో రెండు లైన్లని ఒక గేట్‌వే (బయటికి పోయే ద్వారం) గ్రూపులో పెట్టి, రెండింటికీ ఒకే టియర్ (వంతు నంబరు) ఇస్తే పని పంచుకుంటాయి. కానీ పంపకం కనెక్షన్ల లెక్కన జరుగుతుంది, ఒక్కో కనెక్షన్ ఒక్కో లైను పట్టుకుంటుంది. స్పీడ్ టెస్టు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి తొంభై పైన చూపించింది, బావ ముఖం వెలిగింది. అదే ఒక పెద్ద ఫైలు దించితే యాభై దాటలేదు. అసలు తంటా బ్యాంకు సైట్లతో. లాగిన్ ఒక లైన్లోంచి, తర్వాతి పేజీ ఇంకో లైన్లోంచి వెళ్లేసరికి బ్యాంకుకి ఇద్దరు మనుషుల్లా కనబడి, ఓటీపీ కొట్టాక కూడా బయటికి తోసేసేది. ఒక కంప్యూటర్‌ని ఒకే లైనుకి అతికించి ఉంచే స్టికీ కనెక్షన్స్ అని ఒక సెట్టింగు ఉంది, కొంత నయం. అయితే పాత కనెక్షన్లు ముగిసిపోగానే ఆ అతుకూ ఊడిపోతుంది.

నా మటుకు ఇలాంటి చోట పంపకం వద్దు. ఏ పనికి ఏ దారో మనమే చెప్పాలి. కౌంటరు కంప్యూటర్లకి మొదటి లైను, అది పోతే రెండోది. కెమెరాల బ్యాకప్, కస్టమర్ల వైఫై, విండోస్ అప్‌డేట్లు తిరగేసి: ముందు రెండోది, తర్వాత మొదటిది. ఫైర్‌వాల్ రూళ్లని పైనుంచి చదువుతుంది, మొదట కలిసిన రూలే చెల్లుతుంది. అందుకే మన లోపలి నెట్‌వర్కుల మధ్య నడిచే ట్రాఫిక్‌కి గేట్‌వే లేని రూలు అన్నిటికన్నా పైన ఉండాలి. లేదంటే పక్క గదిలో ప్రింటర్‌కి పోవాల్సింది కేబుల్ వాడి డబ్బాకి పోతుంది.

లైను పోయిందని ఫైర్‌వాల్‌కి తెలియడం ఇంకో కథ. మామూలుగా అది గేట్‌వేకే పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) కొట్టి చూసుకుంటుంది. మా దగ్గర గేట్‌వే అంటే అరలో ఉన్న డబ్బాయే! బయట లారీ తగిలి కేబుల్ తెగినా, కరెంటున్నంత సేపూ డబ్బా జవాబిస్తూనే ఉంటుంది, తెర మీద పచ్చరంగే. కాబట్టి దూరంగా ఉన్న చిరునామాకి కొట్టించాలి: ఒక లైనుకి 1.1.1.1, ఇంకో దానికి 9.9.9.9. రెండిటికీ ఒకటే ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ చిరునామాకి దారి ఆ లైనుకే కట్టేస్తుంది. సైటు పేరుకి చిరునామా వెతికిచ్చే డీఎన్ఎస్ కూడా లైనుకొకటి పెట్టాలి.

పింగ్ అరసెకనుకొకటి పోతుంది, నిమిషం సగటు చూసి, జవాబు రాని పింగులు 20 శాతం దాటితే లైను పోయినట్టు లెక్క. అంటే మార్పు క్షణంలో జరగదు. జరిగినా కొత్త కనెక్షన్లే కొత్త దారి పడతాయి. పాతవి చచ్చిన లైన్నే పట్టుకుని వేలాడకుండా, గేట్‌వే పడిపోగానే వాటి స్టేట్లని (ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకున్న కనెక్షన్ల లెక్కని) చంపమని విడిగా చెప్పాలి.

ఇన్ని చేశాక కూడా రెండు లైన్లూ కలిసే పోయేవి. రెండింటి మీదా ట్రేస్‌రూట్ (దారిలో తగిలే మజిలీలని వరసగా చూపేది) కొట్టి చూస్తే మూడో అడుగులో అదే చిరునామా! ఇద్దరూ పైన ఒకరి దగ్గరే బ్యాండ్‌విడ్త్ కొంటున్నారు. బిల్లులే రెండు, తీగ ఒకటే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాని ఊడ్చేసినప్పటి రోజులు గుర్తున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

సరిహద్దు ఊరు కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఊరు దాటితే పాతపట్నమే, అంటే ఆంధ్రా. మేడ మీద 4జీ రౌటర్‌లో ఆంధ్రా సిమ్ము వేస్తే అటువైపు టవరు బాగానే అందింది. ట్రేస్‌రూట్‌లో దారీ వేరే. దాన్ని కౌంటరు గ్రూపులో మూడో టియర్‌గా పెట్టాను. సిమ్ము మీద చిరునామా 100.64తో మొదలయ్యే ఉమ్మడి వరసలోది, కాబట్టి బయటనుంచి కెమెరాలు చూడటానికి పనికిరాదు. కౌంటరు నడిస్తే చాలు.

చిక్కు ఒకటి మిగిలింది. రెండు కేబుల్ లైన్లూ పడుకున్న రాత్రి కెమెరాల బ్యాకప్ సిమ్ములోని డేటా అంతా మింగేసింది, వాటి గ్రూపులో సిమ్ము లేకపోయినా. కారణం: రూలులో పెట్టిన గేట్‌వే పడిపోతే పీఎఫ్‌సెన్స్ ఆ రూలుని తీసెయ్యదు, గేట్‌వేని మాత్రం తీసేసి మామూలు దారిన పంపేస్తుంది, ఆ రాత్రి బతికున్న దారి సిమ్మే. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, గేట్‌వే లేనప్పుడు ఆ రూలునే వదిలెయ్యి అనే గడి ఉంది. దానికి టిక్కు పెట్టి, కెమెరాల రూలు కింద అడ్డుకునే రూలు ఇంకొకటి రాయండి.