1994 మియాటా, నాన్న గీసిన పసుపు గీతలు

మా గ్యారేజీలో ఉన్న ఎర్ర మజ్దా మియాటాకు పోయిన శనివారం 1,38,000 మైళ్ళు నిండాయి. 1994 మోడల్. 2016లో ఇక్కడే టెక్సస్‌లోని ప్లేనోలో ఒక పెద్దాయన దగ్గర 4,800 డాలర్లకు కొన్నాను. రెండు సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, అయిదు గేర్లు, 1.8 లీటర్ల ఇంజను, 128 హార్స్‌పవర్. ఇప్పుడొచ్చే మామూలు ఫ్యామిలీ కార్లకు కూడా ఇంతకంటే ఎక్కువ పవరే ఉంటుంది. కానీ దీని బరువు వెయ్యి కిలోలకు కాస్త పైన, అంతే. మలుపులో స్టీరింగు కొంచెం కదిపితే చాలు, కారు మన నడుముతో పాటే తిరుగుతుంది. ఈ కారును తయారు చేసిన ఇంజనీర్ల పెద్ద తోషిహికో హిరాయ్ తన బృందానికి పెట్టిన లక్ష్యం ఒక్కటే, జిన్బా ఇత్తాయ్. అంటే గుర్రం, రౌతు ఒక్కటైపోవడం. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించినప్పటి నుంచి ఈ కారు గొప్పతనమంతా ఆ మాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

కొన్న కొత్తలో నాకు ఆ సంగతి తెలియదు. మొదటి నెలలోనే 17 అంగుళాల చక్రాలు, కారును కిందికి దించే స్ప్రింగులు కొన్నాను. రెండు వీకెండ్లు కష్టపడి నేనే బిగించాను. ఫొటోల్లో చాలా బాగుంది. రోడ్డు మీద మాత్రం మనసు విరిగింది. ప్రతి గతుకుకూ దడదడమనేది, స్టీరింగు బరువెక్కింది, హైవే మీద కారు ఒక పక్కకు లాగేది. చక్రాలను పట్టి ఉంచే కడ్డీల కీళ్ళలో ఉండే ఇరవై రెండేళ్ళ నాటి రబ్బరు బుష్‌లు ఎండిపోయి బీటలు వారాయి. వాటి మీద గట్టి స్ప్రింగులు వేస్తే ఇంకేం జరుగుతుంది? తర్వాతి ఆగస్టులో, బయట 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, హైవే 75 మీద టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. రేడియేటరు పైనుండే ప్లాస్టిక్ ట్యాంకు పగిలింది. ఆ ప్లాస్టిక్ కొత్తగా ఉన్నప్పుడు నల్లగా ఉంటుంది, పాతబడేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. నాది అప్పటికే గోధుమ రంగులో ఉంది. రోజూ బానెట్ ఎత్తి చూస్తూనే ఉన్నాను, అది హెచ్చరిక అని మాత్రం నాకు తట్టలేదు. మీ పాత కారులో ఆ ట్యాంకు రంగు మారి ఉంటే ఈ పోస్టు తర్వాత చదవండి, ముందు రేడియేటరు ఆర్డరు పెట్టండి.

2018 నవంబరులో అమ్మా నాన్నా తెనాలి నుంచి ఆరు నెలలకు వచ్చారు. నాన్న ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇంజను ఎలా ఉందో చూడమని తీసుకెళ్తే ఆయన బానెట్ ఎత్తలేదు. రాత్రికి కారు కింద పాత అట్టపెట్టెలు పరచమన్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి, అట్టలను బయటికి లాగి, ఒక్కో మరక పక్కన కూర్చుని వేలితో తాకి వాసన చూశారు.

"ఇది ఇంజనాయిలు, వెనక వైపు నుంచి. ఇది గేర్‌బాక్సుది. ఇదిగో, ఈ తేలికపాటిది బ్రేకాయిలు, క్లచ్ దగ్గర నుంచి అయ్యుంటుంది. డాకెట్ ఏదమ్మా?" అన్నారు.

"డాకెట్ ఏంటి నాన్నా?"

"బండి పుస్తకం. ఏ రోజు, ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చావో రాసుంటావు కదా."

నా దగ్గర లేదు. ఆ సాయంత్రమే వాల్‌మార్ట్‌లో రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొన్నాం. డిపోలో బస్సులకు షెడ్యూల్ 1, షెడ్యూల్ 2 అంటూ షెడ్యూల్ 4 దాకా ఉండేవి. ఆయన నా మియాటాకూ అలాగే నాలుగు రాశారు. పేజీకి ఎడమ పక్క మైళ్ళు, కుడి పక్క ఏం చేశామో. ఆ పుస్తకం ఇప్పటికీ గ్యారేజీ గోడకు మేకుకు వేలాడుతోంది.

మొదట చిన్నవి. వెనక నుంచి కారే ఇంజనాయిలు హెడ్, అంటే ఇంజను పైభాగం, వెనకుండే క్యామ్ యాంగిల్ సెన్సర్ దగ్గరిది. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు ఎంత తిరిగిందో అది చెబుతుంది. దాన్ని పట్టి ఉంచేది ఒకే బోల్టు, లోపల ఓ-రింగు అనే చిన్న రబ్బరు చుట్టు. రింగు గట్టిపడి బిస్కెట్టులా విరిగింది. కానీ ఆ సెన్సరును ఎంత తిప్పి పెడితే ఇగ్నిషన్ టైమింగు, అంటే స్పార్కు పడే సమయం, అంత మారుతుంది. అందుకే విప్పేముందు సెన్సరు మీదా హెడ్ మీదా కలిపి మేకుతో గీత గీయాలి, మళ్ళీ అక్కడికే తేవడానికి. గేర్‌బాక్సు పక్కన ఉండి క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండరు రబ్బరు మూత పక్కకు జరిపితే లోపల తడి. అది మార్చి, నేను పెడల్ తొక్కుతుంటే నాన్న కింద గాలి తీశారు. "తొక్కు... పట్టుకో... వదులు." ఆ మూడు మాటలే గంటసేపు.

ఇంజను కింది క్రాంకు నుంచి పై క్యామ్ షాఫ్టులను తిప్పే టైమింగ్ బెల్టుకు రెండు రోజులు పట్టింది. దాన్ని 60,000 మైళ్ళకొకసారి మార్చాలి. నాకు అమ్మిన పెద్దాయన కాగితాల్లో ఎప్పుడు మార్చారో లేదు. ఈ ఇంజనులో బెల్టు తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు, ఆ ధైర్యం ఒకటి ఉంది. కానీ వాటర్ పంపు మార్చాలన్నా ఆ బెల్టు విప్పాల్సిందే. కాబట్టి విప్పినప్పుడే పంపు, టెన్షనర్ పుల్లీలు, క్యామ్ సీళ్ళు, క్రాంకు ముందు సీలు అన్నీ మార్చాం. రేడియేటరు తీసేస్తే ముందు చెయ్యి తిరగడానికి చోటొస్తుంది. క్రాంకు బోల్టు 21 ఎంఎం, కదల్లేదు. కారును అయిదో గేరులో వేసి, మా ఆయన లోపల బ్రేకు తొక్కిపెడితే, నేను పొడుగు రాడ్డుతో విప్పాను.

క్యామ్ గేర్ల మీద ఇంగ్లీషు ఐ, ఈ అక్షరాల గుర్తులుంటాయి. ఆ రెండిటి మధ్య బెల్టు పళ్ళు 19 రావాలి. నాన్న ఆ పళ్ళ మీద ఒక్కోదానికీ సుద్దముక్క తాకిస్తూ తెలుగులో లెక్కపెట్టారు. పద్ధెనిమిది వచ్చింది. విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ లెక్క. పంతొమ్మిది. అప్పుడు కూడా స్టార్ట్ చెయ్యనివ్వలేదు. క్రాంకును పానాతో చేత్తోనే రెండు చుట్లు తిప్పించి, గుర్తులు మళ్ళీ అక్కడికే వచ్చాయని చూశాకే కవర్లు వెయ్యనిచ్చారు. తొందరపడి తాళం తిప్పడం నా అలవాటు. ఆ రెండు చుట్లు తిప్పడం నాన్న దగ్గరే నేర్చుకున్నాను.

ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచితో బిగించిన ప్రతి బోల్టు మీదా ఆయన పసుపు పెయింటుతో ఒక సన్న గీత గీశారు, బోల్టు తల నుంచి పక్కనున్న లోహం దాకా. తర్వాత బోల్టు ఏ మాత్రం వదులైనా గీత రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఇప్పుడు నా కారు కింద పడుకుని టార్చి వేస్తే ఆ పసుపు గీతలు వరసగా మెరుస్తాయి.

కింద పడుకోవడం అన్నాను కాబట్టి ఒక మాట. జాకీ మీద ఒక్కదాని మీదే ఆధారపడి కారు కిందికి ఎప్పుడూ దూరకండి. స్టాండ్లు పెట్టండి. స్టాండ్లు పెట్టాక కూడా విప్పిన చక్రాన్ని కారు అంచు కిందికి తోసి ఉంచండి. డిపోలో నాన్న కళ్ళ ముందే ఒక కుర్రాడి చెయ్యి నలిగిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయింది.

వెనక బ్రేకుల కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కారు కొన్న చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. నేను అంతకుముందు ఒక షాపులో వెనక ప్యాడ్లు వేయించాను. అప్పటి నుంచి హ్యాండ్ బ్రేకు పట్టేది కాదు, ఎడమ చక్రం వేడెక్కేది. విప్పి చూస్తే పిస్టన్‌ను క్లాంపుతో బలవంతంగా లోపలికి నొక్కారు. ముందు బ్రేకులకు అలా చెయ్యొచ్చు, వీటికి కాదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే వెనక క్యాలిపర్ లోపల హ్యాండ్ బ్రేకు కోసం మర ఉంటుంది, అది తిరిగితేనే పిస్టన్ వెనక్కి వెళ్తుంది. క్యాలిపర్ వెనక 14 ఎంఎం బోల్టు ఒకటి మూతలా ఉంటుంది. దాన్ని తీస్తే లోపల 4 ఎంఎం అలెన్ కీ పట్టే గుంట కనిపిస్తుంది. కీతో తిప్పుతూ పిస్టన్‌ను వెనక్కి తీసుకుని, కొత్త ప్యాడ్లు వేశాక డిస్కుకు తాకేదాకా మళ్ళీ ముందుకు తెచ్చి, అక్కడి నుంచి చుట్టులో మూడోవంతు వెనక్కి వదలాలి. అంతే పని. మర పాడైన ఎడమ క్యాలిపర్ నేను మార్చుకోవాల్సి వచ్చింది.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. టాపు మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనక రెండు గొట్టాల్లోంచి దిగి వెనక చక్రాల ముందు బయటికి పోతాయి. అవి ఆకులతో పూడుకుంటే నీళ్ళు కారు అంచుల్లో నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. గడ్డి కోసే మెషీన్‌లో వేసే ప్లాస్టిక్ దారం తీసుకుని ఏడాదికి రెండుసార్లు మెల్లగా దూర్చి, ఒక గ్లాసు నీళ్ళు పోసి కింద పడుతున్నాయో లేదో చూడండి.

ఇదంతా అయ్యాక కారు నడిపిన రోజు నాకు బాగా గుర్తు. పాత 14 అంగుళాల చక్రాలు, 185/60 టైర్లు తిరిగి వేశాను. రబ్బరు బుష్‌లన్నీ కొత్తవి, షాకబ్జార్బర్లు కొత్తవి, స్ప్రింగులు మామూలు ఎత్తువి. వైట్ రాక్ చెరువు చుట్టూ ఉన్న రోడ్డు మీద రెండో గేరులో తిప్పాను. పక్క సీట్లో నాన్న తలుపు పట్టుకోకుండా కూర్చున్నారు. "ఇప్పుడు బండి మాట వింటోంది" అన్నారు. నేను మూడేళ్ళుగా మాడిఫికేషన్ పేరుతో వెతికిన కారు అదే.

తర్వాత చేసిన మార్పులు తక్కువ, ప్రతిదానికీ ఒక కారణం ఉంది. ఆటోక్రాస్‌కు, అంటే కోన్ల మధ్య ఒక్కో కారూ టైముతో పోటీపడే ఆటకు, వెళ్తాను కాబట్టి రోల్ బార్ వేశాను. కారు బోల్తా పడితే తలను కాపాడే ఇనుప కమాను అది. తలుపులు బాడీకి ఆనేచోట ఉండే రబ్బరు ముక్కలు అరిగితే గతుకుల్లో తలుపులు గడగడమంటాయి. వాటి బదులు గట్టి ప్లాస్టిక్‌వి వేశాను. పది నిమిషాల పని, కారు పదేళ్ళు చిన్నదైనట్టుంది. టైమింగు లైటుతో ఇగ్నిషన్‌ను కంపెనీ పెట్టిన 10 డిగ్రీల నుంచి 14కు తెచ్చాను. దానికోసం ముందు బానెట్ కింద ఉండే డయాగ్నోసిస్ డబ్బాలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసున్న రెండు రంధ్రాలనూ చిన్న తీగతో కలపాలి, లేకపోతే కంప్యూటర్ టైమింగును తనే మార్చేస్తూ ఉంటుంది. ఆ తర్వాత 93 ఆక్టేన్ పెట్రోలే పోస్తున్నాను. కింది గేర్లలో లాగుడు తేడా తెలుస్తుంది. ముందు దీపాలు లేచి తెరుచుకునే రకం. లోపల 7 అంగుళాల గుండ్రటి బల్బులు. వాటిని చూసి నాన్న "ఇది మన అంబాసిడర్ సైజే కదా" అని ఎంత సంతోషించారో! వాటి స్థానంలో బల్బు మార్చుకునే హెచ్4 గాజు దీపాలు పెట్టాం. ఆ పని పూర్తిగా ఆయనదే.

నాన్న తిరిగి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, ఇంత దూరం ప్రయాణం చెయ్యలేనంటారు. శనివారాలు నేను ఫోన్ ఫెండరు మీద నిలబెట్టి వీడియో కాల్ పెడతాను. పోయిన వారం స్టార్ట్ చెయ్యగానే వాల్వుల దగ్గర టకటక మొదలైంది. ఫోన్ ఇంజను దగ్గరికి పెట్టమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆయిలు ఎప్పుడు మార్చావు?"

పుస్తకం చూసి చెప్పాను, 4,900 మైళ్ళ కిందట.

"ఎక్కువైంది. వాల్వుల మీదుండే టాపెట్లలోకి ఆయిలు ఎక్కడానికి టైము పడుతోంది. రేపే మార్చు. ఫిల్టరు కూడా."

ఈ కారులో ఆయిలు ఫిల్టరు ఇన్‌టేక్ మానిఫోల్డు (ఇంజనుకు గాలి తీసుకెళ్ళే గొట్టాలు) కింద దాక్కుని ఉంటుంది, మోచెయ్యి దాకా దూర్చి తిప్పాలి. మా అబ్బాయికి పదకొండేళ్ళు, చేతులు సన్నగా ఉంటాయి. ఆదివారం వాడే విప్పాడు. ఆయిలు వదిలే డ్రెయిన్ బోల్టు బిగించాక పసుపు పెయింటు డబ్బా వాడే తెచ్చి, దాని మీద గీత గీసి, డాకెట్‌లో తెలుగు అంకెల్లో మైళ్ళు రాశాడు. తాతయ్యకు ఆ పేజీ ఫొటో పంపించాం.