పొడపత్రి నమిలి ఆఫీసుకు వెళ్ళిన రోజు

జరిగి నాలుగు రోజులైంది. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

మొన్న జనవరిలో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 8.4 వచ్చింది. షుగర్ మాత్రలు మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు రాశారు. మా తోడల్లుడు ఫోన్ చేసి, "మాత్రలెందుకు అన్నయ్యా, పొడపత్రి పెంచండి" అన్నాడు. ఆయనకు షుగర్ లేదు, సలహాలు మాత్రం బోలెడు.

కడియం నర్సరీలకు వెళ్ళి పొడపత్రి అడిగితే, "షుగర్‌కేగా?" అంటూ ఒకతను ఇన్సులిన్ మొక్క చేతిలో పెట్టాడు. అది వేరు. దాని ఆకులు కాండం చుట్టూ మెలికల మెట్లలా ఉంటాయి, నమిలితే పులుపు. పొడపత్రి తీగ. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, చేదు. ఇంకో నర్సరీలో ఒక పెద్దాయన ఆకు నమిలించి, కాసేపాగి నాలుక మీద చిటికెడు పంచదార వేశాడు. ఇసుక! తీపి జాడే లేదు. హిందీలో గుడ్‌మార్, అంటే బెల్లాన్ని చంపేది అని ఊరికే అనలేదు. కొనేముందు మీరూ ఇలాగే చూసుకోండి.

పందిరి వేశాను, అల్లుకుంది. రోజూ పరగడుపున నాలుగాకులు. డాక్టరుగారికి చెప్పలేదు.

ఇక ఆ రోజు. మాత్ర వేసుకుని, లైను పెద్దదై పోతుందని టిఫిన్ మానేసి ఒక ఆఫీసుకు వెళ్ళాను. టీ కుర్రాడు తిరుగుతుంటే మనసు లాగకుండా జేబులోంచి రెండాకులు తీసి నమిలాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పదకొండింటికి నా వంతు వచ్చింది. అప్పటికే చొక్కా తడిసిపోయింది, వేళ్ళు వణుకుతున్నాయి. సంతకం పెట్టమంటే గీత అడ్డంగా పోయింది. ఏదో చెప్పబోతే నాలుక మడతపడింది. బల్ల అవతలి కుర్రాడు, నా కొడుకు వయసువాడు, "పొద్దున్నే వేసుకొచ్చావా? పక్కకి జరుగు" అన్నాడు. లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. 31 ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి, చుక్క ముట్టి ఎరగను. ఆ ఊళ్ళో సగంమంది సంతకం పెట్టడం నా దగ్గరే నేర్చుకున్నారు. తిరిగి ఒక్క మాట అనడానికి నోరు పెగల్లేదు.

వెనకున్న ఒకావిడ, "తాగుడు కాదయ్యా, షుగర్ పడిపోయింది. మా ఆయనకీ ఇంతే" అని నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది. టీ కుర్రాడి దగ్గర మూడు చెంచాల పంచదార తీసుకుని నీళ్ళలో కలిపి ఇచ్చింది. నాకు ఉత్త మట్టినీళ్ళలా తగిలాయి. పంచదారే వెయ్యలేదని గ్లాసు తోసేశాను! "వేశాను, మింగండి బాబాయ్‌గారూ" అని గద్దించింది. పావుగంటకు చూపు నిలబడింది. మెడికల్ షాపులో చూపిస్తే అప్పటికీ 68. డెబ్బై కంటే దిగితే తక్కువ కిందే లెక్కట.

డాక్టరుగారు తిట్టలేదు, అది ఇంకా సిగ్గు. ఆ గ్లిమిపిరైడ్ మాత్ర, మనం టిఫిన్ తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్ వదిలిస్తుందట. టిఫిన్ మానెయ్యడమే మొదటి తప్పు, ఆకు కూడా షుగర్‌ని అదే వైపు లాగొచ్చు అన్నారు. ఆకు ఆపించి, మాత్ర 1 మిల్లీగ్రాముకు తగ్గించారు. హెచ్‌బీఏ1సీ అప్పటికే 7.3కి దిగింది. అంతా తన ఆకు మహిమేనని తోడల్లుడు ఊరంతా చెబుతున్నాడు. నేను రోజూ నడిచిన నడక, రాత్రిళ్ళు మానేసిన అన్నం ఎటు పోయాయో!

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఏ ఆకు ముట్టినా ముందు డాక్టరుకు చెప్పండి. జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకోండి. ఆఫీసుకైతే పొద్దున్నే పరుగెత్తకండి, పదిన్నర దాటితే గాని కుర్చీల్లో మనుషులుండరు.

సంతకం కలవలేదని నా కాగితం తిప్పి పంపారు. సోమవారం మళ్ళీ వెళ్ళాలి, అదే బల్ల దగ్గరికి. నాలుగిడ్లీలు తినే వెళ్తాను.