నాన్నగారికి మళ్ళీ ఫ్లూ టీకా: నా అనుభవం

కాకినాడలో ఊపిరితిత్తుల డాక్టరుగారు చీటీ వెంటనే రాసిచ్చారు. నాన్నగారికి డెబ్బై దాటాయి, ఉబ్బసం, షుగరు ఉన్నాయి. వానలు ముదరకముందే వేయించమన్నారు. అంతవరకు హాయిగానే జరిగింది.

అమలాపురంలో ఒక క్లినిక్‌కు వెళ్ళాం. కౌంటరు దగ్గరి ఆవిడ పాత కాగితం తిరగేసి, అందరికీ వినిపించేలా, "పోయిన దసరాకు వేయించారుగా! డబ్బులు ఎక్కువయ్యాయా?" అంది. బెంచీ మీదివాళ్ళు నవ్వారు. నాన్నగారు చేతికర్ర అందుకుని, "పద అమ్మా, వద్దులే" అంటూ లేచారు. ఊళ్ళో పదిమందికి న్యాయం చెప్పిన మనిషి అలా తలదించుకుంటే నా ఒళ్ళు మండిపోయింది.

అక్కడే నిలబడి చెప్పాను. ఈ టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత రక్షణ నెలనెలా తగ్గుతూ వస్తుంది; సుమారు ఆరు నెలలు దాటితే దాన్ని నమ్ముకోలేం. అరవై అయిదు దాటినవాళ్ళలో ఇంకా త్వరగా తగ్గుతుంది. పైగా వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ రకాలు కలపాలో సూచిస్తుంది. మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి పెరుగుతుంది. దసరా టీకా ఈ వానాకాలాన్ని ఎలా కాస్తుంది?

ఆవిడ విసుగ్గా ఒక పెట్టె తెచ్చింది. చూస్తే పోయిన సీజనుది! "గడువు ఇంకా ఉందిగా" అని వాదన. గడువు చూసి ఊరుకోకండి, పెట్టె మీద సీజను కూడా చదవండి. నేను చదివాను కాబట్టే ఆ పాతది నాన్నగారి ఒంట్లోకి వెళ్ళలేదు.

కొత్తది రావులపాలెంలో ఒక మందుల షాపులో దొరికింది. కుర్రాడు మంచుగడ్డల మీదే పెట్టబోతే ఆపి, మధ్యలో తువ్వాలు మడిచి పెట్టించాను. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారేయాల్సిందే. పక్క వీధిలో డాక్టరుగారు మాట తూలకుండా వేసి పంపారు. నాన్నగారికి చెయ్యి కాస్త నొప్పిగా ఉంది, అంతే.

లంకల్లో ఉన్నవాళ్ళు గోదావరికి వరద రాకముందే వేయించుకోండి. ఏరు పొంగాక పడవ దాటడమే గగనం. మా మేనత్తను వచ్చే వారం తీసుకొస్తున్నాను, ఆ క్లినిక్‌కు మాత్రం కాదు.