సుంకి ఘాట్ ఎక్కే చురుకైన చిన్న కారు: ఎంపిక నుంచి కోరాపుట్ ఓడీ-10 నంబరు దాకా నా అనుభవం

ఒడిశాలో కోరాపుట్, సిమిలిగుడ, సునాబెడల్లో ఉండే మనవాళ్లు ఎవరు కారు కొన్నా సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే రోడ్డును లెక్కలో పెట్టుకునే కొనాలి. పెళ్లికైనా ఆసుపత్రికైనా విశాఖలో రైలెక్కడానికైనా ఆ 26వ నంబరు జాతీయ రహదారే దిక్కు. అందుకే బ్రోచర్లో పెద్దక్షరాల్లో వేసే హార్స్‌పవర్‌ని పక్కనపెట్టి, టార్క్ (ఇంజన్ తిప్పే బలం) ఎంత, అది ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర పూర్తిగా అందడం మొదలవుతుంది అన్నది ముందు చూశాను.

స్విఫ్ట్ 1.2 పెట్రోలు 112 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, టార్క్ కొలత) ఇస్తుంది, అదీ 4,300 ఆర్‌పీఎం దగ్గర. ఊళ్లో హాయిగా తిరుగుతుంది గానీ నలుగురు కూర్చుని ఏసీ వేసి ఘాట్ ఎక్కితే ప్రతి మలుపులోనూ ఇంజన్ అరవాల్సిందే. పైగా టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) లేని ఇంజన్‌కు ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక శాతం బలం తగ్గుతుంది. కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఎనిమిది తొమ్మిది శాతం గాల్లో కలిసినట్టే. టర్బో ఉంటే ఆ నష్టాన్ని చాలావరకు పూడుస్తుంది. ఫ్రాంక్స్ 1.0 టర్బోకు 147.6 ఎన్ఎం, 2,000 ఆర్‌పీఎం నుంచి. ఐ20 ఎన్ లైన్‌కు 172, 1,500 నుంచే. స్కోడా కైలాక్ 1.0 టీఎస్ఐకి 178, 1,750 నుంచి. ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ టీజీడీఐ 230 ఎన్ఎంతో వీటన్నిటినీ దాటేస్తుంది.

ఇవన్నీ నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్నవి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ కొలతల్లోని కార్లకు జీఎస్టీ 18 శాతం, వీటిని దాటితే 40 శాతం. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలోని 1.5 లీటర్ల ఇంజన్ ఎంత మనసు లాగినా ఆ తేడా చూసి వదిలేశాను.

నడపడంలో ఐ20 ఎన్ లైనే నాకు బాగా నచ్చింది. స్టీరింగ్ బరువుగా, నమ్మకంగా ఉంటుంది, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులున్నాయి. కానీ 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఐ20కి వచ్చినవి అయిదింటికి మూడు స్టార్లు. అప్పటి బండికి రెండే ఎయిర్‌బ్యాగులు, ఇప్పుడు ఆరు ఇస్తున్నారు, అయినా లారీల మధ్య ఘాట్ దిగే కుటుంబానికి ఆ సంగతి చిన్నది కాదు. కైలాక్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో అయిదు స్టార్లు, నేల నుంచి 189 మి.మీ. ఎత్తు. వెనక డ్రమ్ బ్రేకులే అన్నది లోటు. అన్నీ బేరీజు వేసి కైలాక్ మాన్యువల్‌కే మొగ్గాను.

ఏ వేరియంట్ అన్నదీ ముఖ్యమే. పై వేరియంట్‌కు 17 అంగుళాల అల్లాయ్‌లు, 205/55 టైర్లు (పక్కగోడ ఎత్తు వెడల్పులో 55 శాతం) వస్తాయి. దానికింది సిగ్నేచర్ ప్లస్‌కు 205/60 ఆర్16. మన గోతుల్లో టైరు పక్కగోడ ఎంత ఎత్తుంటే అంత మేలు. గోతి అంచుకు గట్టిగా తగిలితే పక్కగోడలో దారాలు తెగి ఉబ్బు వస్తుంది. దానికి ప్యాచ్ ఉండదు, టైరు మార్చాల్సిందే. అందుకని 16 అంగుళాలే తీసుకోమంటాను.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూమ్‌వాళ్లు చదునైన రోడ్డే చూపిస్తారు. విశాఖలో అయితే సింహాచలం కొండ రోడ్డు అడగండి, నలుగుర్ని ఎక్కించండి, ఏసీ ఆపకండి. మలుపులో కావాలనే రెండో గేరులో వేగం 20 కి.మీ. కిందకు రానివ్వండి. కైలాక్‌లో అప్పుడు ఆర్‌పీఎం సూది 1,500 కంటే దిగువకు పడుతుంది, టర్బో ఇంకా లేవదు, యాక్సిలరేటర్ తొక్కినా ఒక క్షణం బండి ఆలోచిస్తుంది. అంతకన్నా తగ్గితే మొదటి గేరు వేయడమే మందు. ఈ లక్షణం తెలిసే కొనాలి. ఆటోమేటిక్ కావాలంటే ఫ్రాంక్స్, కైలాక్‌లలోని టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు నూనెతో శక్తిని అందించే రకం) మంచిది. ఎన్ లైన్‌లోని డీసీటీకి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) పొడి క్లచ్‌లు. లారీ వెనక ఎత్తులో పాకుతూ, బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడితే క్లచ్ వేడెక్కి హెచ్చరిక వెలుగుతుంది.

కొటేషన్‌ను పంక్తి పంక్తిగా చదవాలి. ఎక్స్‌షోరూమ్ ధర, రోడ్డు పన్ను, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ మాత్రమే ఉండాలి. ఎక్స్‌షోరూమ్ ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కలుపుతారు, అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. నాకిచ్చిన కాగితంలో హ్యాండ్లింగ్ ఛార్జీ ఉంది. ఏ సేవకో రాతపూర్వకంగా ఇమ్మన్నాను, తీసేశారు. “సార్, ఇన్సూరెన్స్ మా దగ్గరే చేయించాలండీ” అంటారు. అలాంటి నిబంధన ఏదీ లేదు. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) మూడేళ్లకు తప్పనిసరి, సొంత నష్టం భాగం ఏడాదికి చాలు. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజన్ పాడైతే ఇచ్చేది) తీసుకోండి. వానాకాలంలో కల్వర్టుల మీద నీళ్లు పొంగే ప్రాంతం మనది.

సరిహద్దు జిల్లాల వాళ్లకు అసలు చిక్కు రిజిస్ట్రేషన్. పార్వతీపురంలోనో విజయనగరంలోనో ఉన్న బావగారి చిరునామా మీద ఏపీ నంబరు వేయించుకుందామని చాలామంది అనుకుంటారు. వద్దు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండి పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అప్పుడు అక్కడ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ ఒడిశా పన్ను, ఏపీలో కట్టిన పన్ను వాపసుకు వేరే దరఖాస్తు. విశాఖలో కొంటే ఒడిశా ఆధార్‌తోనే బిల్లు చేయించి, ఏపీలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుని, పన్ను కోరాపుట్ ఆర్టీఓలో కట్టడమే సరైన దారి. ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు), డీలరిచ్చే ఫారం 21 (అమ్మకం పత్రం), కంపెనీ ఇచ్చే ఫారం 22 (బండి రోడ్డుకు తగినదన్న పత్రం), ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్, తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాగితం, పాన్, చిరునామా రుజువు ఉండాలి. అప్పు ఉంటే ఫారం 20లో బ్యాంకు పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు వెనక్కొస్తుంది. బయటి రాష్ట్రంలో కొన్నందున బండిని తీసుకెళ్లి చూపించాలి, ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు కూడా దగ్గరుంచుకోండి. ఓడీ-10 నంబరు వచ్చాక హై సెక్యూరిటీ ప్లేటు ఎక్కడ బిగిస్తారో డబ్బు కట్టేముందే షోరూమ్‌తో రాయించుకోవాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే ఒడిశా డీలర్ దగ్గరే కొనండి, పని సగమవుతుంది.

మిగతా డబ్బు కట్టేముందు బండిని పగటి వెలుగులో చూడాలి. ఛాసిస్ నంబరులో పదో అక్షరం ఏడాదిని చెబుతుంది: ఎస్ అయితే 2025, టి అయితే 2026. తయారీ నెల, ఏడాది ఫారం 21లో ఉంటాయి, ఆ ఏడాది ఈ అక్షరంతో సరిపోవాలి. టైరు మీద నాలుగంకెల ముద్ర చూడండి: 3225 అంటే 2025లో 32వ వారం. అయిదు టైర్లకూ తేదీలు దగ్గరదగ్గరగా ఉండాలి. బంపర్, ఫెండర్ కలిసే చోట సందు రెండువైపులా ఒకేలా ఉందా, తలుపు రబ్బరు కింద పెయింట్ తుంపర ఉందా అని వేలితో తడిమి చూడండి. తుంపర తగిలితే ఆ తలుపుకు మళ్లీ రంగు వేసినట్టే. స్టెప్నీ అల్లాయ్ కంటే చిన్నదైతే దానిమీద రాసిన వేగపరిమితి గుర్తుపెట్టుకోవాలి.

విశాఖలో కొన్నవాళ్లకు కొత్త బండి మొదటి ప్రయాణంలోనే ఘాట్ ఎదురవుతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకూడదు, ఎక్కువ గేరులో ఇంజన్‌ను ఈడ్పించకూడదు. కాబట్టి సాలూరు దాటాక రెండు, మూడు గేర్లలో 2,000 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య తాపీగా ఎక్కండి. పైకి చేరాక ఇంజన్ వెంటనే ఆపకుండా ఒక నిమిషం తిరగనివ్వండి, టర్బో బేరింగుల్లోని నూనె మాడదు. కొత్త బ్రేక్ ప్యాడ్‌లు మొదటి 200 కి.మీ. పూర్తి పట్టు ఇవ్వవు. అందుకని ఆ దూరం పూర్తయ్యాకే సుంకి దిగండి, అదీ ఎక్కిన గేరులోనే.